ఒకే రిజిస్టరు, ఎన్నో కౌంటర్లు: ఢిల్లీ రైలు టికెట్ల నుంచి పైథాన్ థ్రెడ్ల దాకా

కంప్యూటర్లు రాకముందు ఢిల్లీ రైల్వే రిజర్వేషన్ కార్యాలయాల్లో బెర్తుల లెక్కంతా కాగితం రిజిస్టర్లలో ఉండేది. రైలు రైలుకూ, తేదీ తేదీకీ వేరు పేజీలు. ఫలానా రైళ్ళ రిజిస్టరు ఫలానా గుమస్తా దగ్గరే ఉండేది కాబట్టి, ఆ రైళ్ళకు టికెట్టు కావలసినవాళ్ళంతా ఆ కిటికీ ముందే వరుస కట్టాలి. పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా లాభం లేదు, ఆ రిజిస్టరు అక్కడ లేదు. పని నిదానంగానే సాగేది. అయితే ఒకే బెర్తును ఇద్దరికి రాసే ప్రమాదం మాత్రం తక్కువ. రాసే చెయ్యి ఒక్కటే గనక.

పంచుకోవలసిన లెక్క ఒకటి, దాన్ని మార్చబోయే చేతులు అనేకం. కంప్యూటర్ శాస్త్రంలో దీర్ఘకాలం నలిగిన సమస్యల్లో ఇదొకటి. పైథాన్, రూబీ వంటి ఇంటర్‌ప్రెటెడ్ భాషల్లో థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాములో పక్కపక్కనే సాగే పనుల పాయలు, ఎంతవరకు పనికొస్తాయన్న చర్చ ముప్పై ఏళ్ళకు పైగా సాగడానికీ ఇదే మూలం. ఆ భాషలు ఒకే రిజిస్టరు, ఒకే చెయ్యి పద్ధతిని ఎంచుకున్నాయి. రైల్వేలు ఆ పద్ధతిని 1980లలోనే వదులుకున్నాయి. ఢిల్లీ, నోయిడాల కంప్యూటర్ చరిత్రను పక్కన పెట్టుకుని చూస్తే, ఆ ఎంపిక ఎందుకు జరిగిందో, దాన్ని మార్చడానికి అంతకాలం ఎందుకు పట్టిందో తేలిగ్గా అర్థమవుతుంది.

రిజిస్టరు నుంచి రికార్డుకు

న్యూఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ 1985 నవంబరులో ప్రయోగాత్మకంగా మొదలైంది. ‘ఇంప్రెస్’ అనే ఆ వ్యవస్థను తయారుచేసింది ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్ళాక ఇక్కడ మిగిలిన యంత్రాల నిర్వహణ చేపట్టింది ఈ సంస్థే. దానికి సికిందరాబాద్‌లో పరిశోధన, అభివృద్ధి కేంద్రం ఉండేది. ఇంప్రెస్ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వాక్స్ కంప్యూటర్ల మీద, వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టం కింద నడిచేది.

కొత్త వ్యవస్థతో ఏ కౌంటరులోనైనా ఏ రైలుకైనా టికెట్టు ఇవ్వడం వీలైంది. రిజిస్టరు ఇప్పుడు అందరి ముందూ ఒకేసారి తెరిచి ఉన్నట్టే. దాంతోపాటే ఓ కొత్త ప్రమాదం వచ్చింది. బెర్తు ఇవ్వడమంటే మూడు పనులు: ఖాళీల సంఖ్య చదవడం, ఉందో లేదో చూడడం, ఒకటి తగ్గించి తిరిగి రాయడం. ఒక గుమస్తా ‘ఒకటి ఉంది’ అని చదివాక, దాన్ని సున్నా చేసేలోపు రెండో గుమస్తా కూడా అదే ‘ఒకటి’ని చదివితే, ఇద్దరూ అదే బెర్తును అమ్మేస్తారు. అందుకని మొదటివారి లావాదేవీ పూర్తయ్యేదాకా ఆ రికార్డును రెండోవారికి అందకుండా పట్టి ఉంచాలి. ఇలా పట్టి ఉంచడాన్నే లాక్ అంటారు. వీఎంఎస్‌లో ఈ పనికోసమే లాక్ మేనేజర్ అనే భాగం ఉండేది.

లాక్ పరిధి ఎంత ఉండాలన్నదే అసలు ప్రశ్న. ఫైలు మొత్తానికి ఒకే లాక్ వేస్తే ప్రోగ్రాము రాయడం సులువు, తప్పులు రావు. కానీ హైదరాబాద్ రైలుకు టికెట్టు కొట్టేవాడు హౌరా రైలు గుమస్తా పని అయ్యేదాకా ఆగాలి. రైలుకొక లాక్, పెట్టెకొక లాక్ అంటూ చిన్నవి చేసుకుంటూ పోతే ఎక్కువమంది ఒకేసారి పనిచేయగలరు. అప్పుడు లాకుల సంఖ్య పెరుగుతుంది, ప్రతి లావాదేవీకీ వాటిని వేసి తీసే ఖర్చు పెరుగుతుంది. రెండు లావాదేవీలు ఒకదాని లాక్ కోసం మరొకటి ఎదురుచూస్తూ రెండూ నిలిచిపోయే అవకాశమూ వస్తుంది.

1986లో ఏర్పడిన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, క్రిస్, ఢిల్లీ నుంచే పనిచేస్తుంది. ఇంప్రెస్ తరువాతి తరమైన ‘కాన్సర్ట్’ను ఈ సంస్థే రూపొందించింది. అది 1994లో మొదట సికిందరాబాద్‌లో అమలైంది. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికిందరాబాద్ కేంద్రాలు ఐదూ 1999 నాటికి ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి. 2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ టికెట్లు మొదలయ్యాక కౌంటరు ఇంటింటికీ వచ్చింది. 2014లో కొత్త ఈ-టికెట్ వ్యవస్థ వచ్చినప్పుడు సామర్థ్యం నిమిషానికి 2,000 టికెట్ల నుంచి 7,200కు పెరిగింది. అయినా తత్కాల్ వేళ ఒకే రైలులో మిగిలిన ఆఖరి బెర్తు కోసం వేలమంది నొక్కినప్పుడు, ఎన్ని సర్వర్లు ఉన్నా ఆ బెర్తు దగ్గర లావాదేవీలు ఒకదాని వెనక ఒకటి పోవలసిందే. ఎన్ని యంత్రాలు చేర్చినా, వరుసలో తప్పనిసరిగా సాగే భాగమే మొత్తం వేగానికి హద్దు గీస్తుందని కంప్యూటర్ నిపుణుడు జీన్ ఆమ్‌డాల్ 1967లోనే లెక్కగట్టి చూపాడు. పనిలో ఐదో వంతు అలాంటిదైతే, ఎన్ని ప్రాసెసర్లు పెట్టినా వేగం ఐదు రెట్లు దాటదు.

నోయిడా యూనిక్స్

ఇదే ప్రశ్న ఆపరేటింగ్ సిస్టం లోపల కూడా తలెత్తింది. ఢిల్లీలోని డీసీఎం డేటా ప్రొడక్ట్స్ నుంచి బయటికి వచ్చిన శివ్ నాడార్, ఆయన సహచరులు 1976లో హెచ్‌సీఎల్ ప్రారంభించారు. నోయిడా ఆ సంస్థకు ప్రధాన స్థావరమైంది. ఐబీఎం వెళ్ళిపోయాక ఏర్పడిన ఖాళీలో, 1980లలో బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు కంప్యూటర్లు కొనడం మొదలుపెట్టిన రోజుల్లో, యూనిక్స్ యంత్రాలకు గిరాకీ ఏర్పడింది.

యూనిక్స్ కెర్నెల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టం కేంద్ర భాగం, మొదట ఒకే ప్రాసెసర్ ఉన్న యంత్రాల కోసం రాసింది. ఒకే యంత్రంలో రెండు మూడు ప్రాసెసర్లు పెడితే, కెర్నెల్‌లోని పట్టికలను అవి ఒకేసారి తాకకుండా చూడాలి. దీనికి సులువైన దారి కెర్నెల్ మొత్తానికి ఒకే పెద్ద లాక్ పెట్టడం. కష్టమైన దారి ప్రతి పట్టికకూ వేరు లాక్ పెట్టి కోడంతా తిరగరాయడం. హెచ్‌సీఎల్ ఇంజినీర్లు ఈ రెండో దారి పట్టి, చిన్న లాకులతో నడిచే మల్టీప్రాసెసర్ యూనిక్స్‌ను తయారుచేశారు. సన్, హెచ్‌పీల కంటే ముందే ఈ పని చేశామని కంపెనీ తన చరిత్రలో చెప్పుకుంటుంది.

లినక్స్ కథ ఇందుకు భిన్నం. 1996లో వెలువడిన 2.0 వెర్షన్ ‘బిగ్ కెర్నెల్ లాక్’ అనే ఒకే పెద్ద లాక్‌తో మల్టీప్రాసెసర్ యంత్రాలకు వచ్చింది. దాన్ని ముక్కలు చేసుకుంటూ పోయి పూర్తిగా తొలగించింది 2011లో, 2.6.39 వెర్షన్‌లో. పెద్ద లాక్ పెట్టడం చిన్న పని, దాన్ని తీయడానికి పదిహేనేళ్ళు పట్టింది. ఇంటర్‌ప్రెటర్లలో అంతకు రెట్టింపు కాలం గడిచినా ఆ పని ఇంకా పూర్తి కాలేదు.

ఇంటర్‌ప్రెటర్‌కు లాక్ ఎందుకు

ఇంటర్‌ప్రెటెడ్ భాషలో ప్రోగ్రామర్ రాసింది నేరుగా ప్రాసెసర్ ఆదేశాలుగా మారదు. మధ్యలో ఇంటర్‌ప్రెటర్ అనే మరో ప్రోగ్రాము ఉంటుంది. అది ఒక్కొక్క చిన్న ఆదేశాన్నీ చదివి అమలు చేస్తుంది, వాడిన విలువలకు మెమరీ ఇస్తుంది, పనైపోయాక తిరిగి తీసుకుంటుంది.

1991లో గిడో వాన్ రోసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో విడుదల చేసిన పైథాన్, ఏ మెమరీ ఎప్పుడు విడిపించాలో తెలుసుకోవడానికి ఓ లెక్క పెట్టుకుంటుంది. ప్రతి విలువ పక్కనా, దాన్ని ఎన్ని చోట్ల నుంచి వాడుతున్నారో చెప్పే సంఖ్య ఉంటుంది. కొత్త పేరు తగిలితే ఒకటి కలుపుతుంది, పేరు తొలగితే ఒకటి తీస్తుంది, సున్నాకు రాగానే మెమరీ వెనక్కి తీసుకుంటుంది. ఈ కలపడం, తీయడం సెకనుకు లక్షల సార్లు జరుగుతాయి.

ఇక్కడే ఆ బెర్తు చిక్కు మళ్ళీ వస్తుంది. రెండు థ్రెడ్లు ఒకే విలువ లెక్కను ఒకేసారి చదివి, చెరొకటి కలిపితే ఐదు కాస్తా ఏడు కావలసింది పోయి ఆరే అవుతుంది. తరువాత లెక్క ముందుగానే సున్నాకు చేరుతుంది, ఇంకా వాడుకలో ఉన్న మెమరీని ఇంటర్‌ప్రెటర్ మరొకరికి ఇచ్చేస్తుంది, ప్రోగ్రాము కుప్పకూలుతుంది. దీన్ని ఆపడానికి 1992లో పైథాన్‌కు థ్రెడ్లు చేర్చినప్పుడే గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్ కూడా చేర్చారు. పొట్టిగా ‘గిల్’. ఇది ఎవరి చేతిలో ఉంటే ఆ థ్రెడ్ మాత్రమే పైథాన్ ఆదేశాలు నడపగలదు, మిగతావి ఆగాలి.

అప్పట్లో ఇది తెలివైన నిర్ణయమే. ఆనాటి మామూలు కంప్యూటర్లలో ఉన్నది ఒక్క ప్రాసెసరే కాబట్టి, థ్రెడ్లు ఎన్ని ఉన్నా ఒక్క క్షణంలో నడిచేది ఒకటే. లాక్ వల్ల పోయేది దాదాపు లేదు. ఒకే థ్రెడ్‌తో నడిచే ప్రోగ్రాములకు వేగం తగ్గలేదు. అంతకంటే ముఖ్యంగా, సీ భాషలో పైథాన్‌కు అనుబంధ లైబ్రరీలు రాసేవాళ్ళు థ్రెడ్ల సంగతి పట్టించుకోనక్కర లేకపోయింది. పైథాన్ విస్తరణకు ఆ లైబ్రరీలే పునాది.

ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ రావు

గిల్ ఉన్నంత మాత్రాన థ్రెడ్లు వృథా కావు. డేటాబేస్ జవాబు కోసమో, నెట్‌వర్క్ కోసమో, డిస్కు కోసమో ఎదురుచూడవలసి వచ్చినప్పుడు థ్రెడ్ ఆ లాక్‌ను వదిలేస్తుంది, అప్పుడు ఇంకొకటి అందుకుంటుంది. ఒక వెబ్ అభ్యర్థనకు 10 మిల్లీసెకన్ల లెక్క, ఆ తరువాత 90 మిల్లీసెకన్ల ఎదురుచూపు ఉందనుకుంటే, పది అభ్యర్థనలు ఒకదాని తరువాత ఒకటి చేస్తే 1,000 మిల్లీసెకన్లు పడుతుంది. పది థ్రెడ్లతో, గిల్ ఉన్నా, అవి సుమారు 190 మిల్లీసెకన్లలో ముగుస్తాయి. ఎదురుచూపులన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి గనక.

పని అంతా లెక్కలే అయితే ఫలితం తిరగబడుతుంది. సెకను చొప్పున నడిచే నాలుగు లెక్కలను నాలుగు థ్రెడ్లకు పంచితే, ప్రాసెసర్లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, నాలుగున్నా నాలుగు సెకన్లే పడుతుంది. ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. 2005 ప్రాంతంలో మల్టీకోర్ ప్రాసెసర్లు మామూలు కంప్యూటర్లలోకి రావడంతో ఈ లోపం అందరికీ తెలిసొచ్చింది. పైథాన్ ప్రోగ్రామర్ డేవిడ్ బీజ్‌లీ 2009, 2010 ప్రసంగాల్లో, రెండు కోర్ల యంత్రంలో రెండు థ్రెడ్లుగా నడిపిన లెక్క వరుసగా నడిపినదానికంటే నెమ్మదిగా సాగడాన్ని చూపించాడు. అప్పటిదాకా ఇంటర్‌ప్రెటర్ ప్రతి వంద ఆదేశాలకు ఒకసారి లాక్ వదిలి మళ్ళీ పట్టుకునేది. రెండు కోర్ల మీద రెండు థ్రెడ్లు దాని కోసం పోటీపడుతూ ఆ పోటీలోనే కాలం కరగబెట్టేవి. 2011లో వచ్చిన పైథాన్ 3.2లో పైథాన్ అభివృద్ధి బృందంలోని ఆంట్వాన్ పిత్రూ ఆ పద్ధతి మార్చి, 5 మిల్లీసెకన్లకు ఒకసారి చేతులు మారేలా చేశాడు. గుంజులాట తగ్గింది. ఒకే లాక్ అలాగే ఉండిపోయింది.

ఈలోగా జనం వేరే దారులు వెతుక్కున్నారు. 2008లో పైథాన్ 2.6తో వచ్చిన మల్టీప్రాసెసింగ్ లైబ్రరీ థ్రెడ్లకు బదులు వేరువేరు ప్రాసెసులను నడుపుతుంది. ప్రతిదానికీ సొంత ఇంటర్‌ప్రెటర్, సొంత గిల్, సొంత మెమరీ ఉంటాయి. కోర్లన్నీ పనిచేస్తాయి గానీ, ఒక ప్రాసెసు నుంచి మరొకదానికి డేటా పంపాలంటే దాన్ని కాపీ చేయాలి. వెబ్ సర్వర్లకు ఈ పద్ధతి బాగా కుదిరింది, ఒక అభ్యర్థనకు మరొకదానితో పెద్దగా పని ఉండదు కాబట్టి. 2014లో పైథాన్ 3.4తో వచ్చిన అసింక్‌ఐఓ ఒకే థ్రెడ్‌లో వేల ఎదురుచూపులను చూసుకునే వీలు కల్పించింది. నమ్‌పై వంటి లైబ్రరీలు పెద్ద లెక్కలను సీ కోడ్‌లో నడిపేటప్పుడు గిల్‌ను వదిలేసే పద్ధతి పాటించాయి.

మిగతా భాషలూ ఇలాంటి రాజీలే పడ్డాయి. రూబీ 1.9లో ఆపరేటింగ్ సిస్టం థ్రెడ్లు వచ్చినా అన్నిటికీ ఒకే లాక్ ఉంది. 2020లో రూబీ 3.0 ‘రాక్టర్’లతో మెమరీని విభజించే దారి చూపింది. పెర్ల్ 2002 నాటి 5.8లో ప్రతి థ్రెడ్‌కూ ఇంటర్‌ప్రెటర్ నకలు ఇచ్చింది. 2009లో వచ్చిన నోడ్, జావాస్క్రిప్ట్‌ను ఒకే థ్రెడ్ మీద నడిపింది. జావా యంత్రం మీద నడిచే జైథాన్, జేరూబీలలో మాత్రం ఇలాంటి లాక్ లేదు. ఆ యంత్రం మెమరీని వేరే పద్ధతిలో శుభ్రం చేస్తుంది, వాడకాల సంఖ్యతో కాదు. భాష ఇంటర్‌ప్రెటెడ్ కావడం అసలు అడ్డంకి కాదనడానికి ఈ రెండే రుజువు. అడ్డంకి మెమరీ లెక్క పెట్టే తీరులో ఉంది.

లాక్ తీసే ప్రయత్నాలు

గిల్‌ను తీసేసే తొలి ప్రయత్నం 1996లోనే జరిగింది. గ్రెగ్ స్టెయిన్ పైథాన్ 1.4కు చేసిన మార్పులతో థ్రెడ్లు విడివిడిగా నడిచాయి, కానీ ఒకే థ్రెడ్ ఉన్న ప్రోగ్రాముల వేగం బాగా పడిపోయింది. పెద్ద లాక్ స్థానంలో వచ్చిన చిన్న లాకులను ప్రతిసారీ వేసి తీసే ఖర్చే దానికి కారణం. 2007లో వాన్ రోసమ్ తన షరతు స్పష్టంగా చెప్పాడు: ఒకే థ్రెడ్ ప్రోగ్రాములు నెమ్మదించనంత వరకే అలాంటి మార్పును స్వాగతిస్తానని. 2016లో లారీ హేస్టింగ్స్ ‘గిలెక్టమీ’ పేరుతో మళ్ళీ ప్రయత్నించాడు. లాక్ తీయగలిగాడు గానీ, ప్రతి లెక్కనూ కోర్ల మధ్య సురక్షితంగా మార్చే ఖర్చు వల్ల ప్రోగ్రాము ఎన్నో రెట్లు నెమ్మదించింది.

అదే ఏడాది సెప్టెంబరులో పైథాన్ వాడేవారి పైకాన్ ఇండియా సమావేశం ఢిల్లీకి వచ్చింది. 2009లో బెంగళూరులో మొదలైన ఈ వార్షిక సమావేశం జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో జరిగింది. మరుసటి ఏడాదీ ఢిల్లీలోనే, 2018లో హైదరాబాద్‌లో జరిగింది. ఢిల్లీ నుంచే పైథాన్ దేశంలోని బడులకూ చేరింది. సీబీఎస్‌ఈ సీనియర్ తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో సీ ప్లస్ ప్లస్ స్థానాన్ని పైథాన్ తీసుకుంది. ఎన్‌సీఈఆర్‌టీ 2019లో పదకొండో తరగతికి, 2020లో పన్నెండో తరగతికి పైథాన్‌తో పాఠ్యపుస్తకాలు తెచ్చింది. ఒకే థ్రెడ్‌తో నడిచే చిన్న ప్రోగ్రాములతో చదువు మొదలుపెట్టే ఇలాంటి లక్షలమందిని దృష్టిలో పెట్టుకుంటే, ఒక్క థ్రెడ్ వేగం తగ్గకూడదన్న వాన్ రోసమ్ షరతు మొండిపట్టు కాదని తెలుస్తుంది. ఎక్కువమంది వాడేది ఆ దారినే.

2021లో మెటా సంస్థ ఇంజినీరు శామ్ గ్రాస్ చూపిన నమూనా ఆ షరతుకు దగ్గరగా వచ్చింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఆలోచన దానికి ఆధారం. చాలా విలువలను వాటిని సృష్టించిన థ్రెడ్డే వాడుతుంది. కాబట్టి ప్రతి విలువకూ రెండు లెక్కలు పెడతారు: సొంత థ్రెడ్‌కు వేగంగా మారేది ఒకటి, ఇతర థ్రెడ్లకు జాగ్రత్తగా మారేది మరొకటి. ‘నన్’, ‘ట్రూ’ వంటి ఎప్పటికీ పోని విలువలకు లెక్కే మానేస్తారు. జాబితాలకూ నిఘంటువులకూ దేనికది చిన్న లాక్ ఉంటుంది. ఈ ప్రతిపాదన పీఈపీ 703 పేరుతో 2023లో ఆమోదం పొందింది. 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13లో గిల్ లేని రూపం ప్రయోగాత్మకంగా వెలువడింది. అందులో ఒకే థ్రెడ్ ప్రోగ్రాములు సుమారు 40 శాతం నెమ్మదించాయి. 2025 అక్టోబరు నాటి 3.14లో ఆ నష్టం 5 నుంచి 10 శాతానికి దిగింది, ఆ రూపానికి అధికారిక మద్దతు దక్కింది. అయినా మామూలుగా దించుకునే పైథాన్‌లో గిల్ ఇంకా ఉంది. గిల్ లేనిదాన్ని ప్రత్యేకంగా ఎంచుకోవాలి, వాడే లైబ్రరీలు కూడా దానికి సిద్ధమై ఉండాలి.

మిగిలే పని

గిల్ విషయంలో ఒక అపోహ ఉంది. అది ఉంటే ప్రోగ్రామర్ రాసిన లెక్కలకు కూడా రక్షణ ఉంటుందని కొందరు అనుకుంటారు. నిజానికి అది కాపాడేది ఇంటర్‌ప్రెటర్ సొంత లెక్కలనే. ఖాళీ ఉందో లేదో చూడడం ఒక ఆదేశం, తగ్గించడం మరో ఆదేశం. ఆ రెంటి మధ్య లాక్ చేతులు మారవచ్చు. అందుకే గిల్ ఉన్న పైథాన్‌లో రాసిన టికెట్ల ప్రోగ్రాము కూడా సొంత లాక్ పెట్టుకోకపోతే ఒకే బెర్తును ఇద్దరికి అమ్మగలదు. గిల్ పోయాక ఇలాంటి తప్పులు మరింత తరచుగా బయటపడతాయి.

ఇంటర్‌ప్రెటెడ్ భాషలో థ్రెడ్లు ఎంత బాగా పనిచేస్తాయన్నదానికి సమాధానం పని స్వభావాన్ని బట్టి మారుతుంది. ఎదురుచూపు ఎక్కువైన పనికి గిల్ ఉన్న పైథాన్ థ్రెడ్లు చాలు. లెక్కలు ఎక్కువైన పనికి వేరు ప్రాసెసులు గానీ, సీ లైబ్రరీలు గానీ, ఇప్పుడు గిల్ లేని పైథాన్ గానీ కావాలి. అందరూ ఒకే లెక్కను మార్చవలసిన పనికి ఏ భాషలో రాసినా, ఎన్ని కోర్లు పెట్టినా వరుస తప్పదు. రైల్వేలు నలభై ఏళ్ళలో సాధించింది ఆ వరుసను రద్దు చేయడం కాదు, దాన్ని రైలు నుంచి బెర్తు దాకా కుదించడం. ఇంటర్‌ప్రెటర్లు ఇప్పుడు చేస్తున్నదీ అదే.